కణితి పెద్దదా, కణుజు పెద్దదా

సకల జనుల సమ్మె ఆగకూడదని కొత్తపేటలో దేవుడికి మొక్కుకున్న రాజమండ్రి మనిషి ఒక్కడే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే మురళీకృష్ణ. బస్సులు, ఆటోలు తిరిగాయంటే చాలు, భార్య ప్రవీణ మీర్‌పేట్‌లో పుట్టింటికి వెళ్లిపోతుంది. సంచి అప్పుడే సర్దేసింది. అతని బండి ఎక్కనని ఒట్టు కూడా వేసుకుంది.

గొడవంతా కూతురి హోంవర్కుతో వచ్చింది. ఒకే కుటుంబానికి చెందిన, గిట్టలున్న రెండు అడవి జంతువులను పోల్చి రాయాలట.

"మా మారేడుమిల్లి అడవిలో కణితి అని పెద్ద జింక ఉంటుందమ్మా. మెడ కింద జూలు. బురదంటే ప్రాణం. భయమేస్తే కాలు నేలకేసి కొడుతుంది," అన్నాడు మురళీకృష్ణ.

"మా అచ్చంపేట అడివిల కణుజు ఉంటది బిడ్డా. గొంతు కింద గింత పొడుగు బొచ్చు. బుర్దల బొర్లుతది. పులి వాసనొస్తే నేలను తంతది," అంది ప్రవీణ.

పాప రెండు వరసల్లో శ్రద్ధగా రాసుకుంది. ఏది పెద్దదన్న దగ్గర వచ్చింది చిక్కు.

"మా కణితి ముందు మీ కణుజెంత? మేకపిల్ల!" అన్నాడు. ఖర్మ కాకపోతే ఆ మాట అనాలా!

"గిన్నేండ్ల సంది మేం మీకు మేకపిల్లల్లెక్కనే కనపడ్తున్నం!" అని ప్రవీణ లేచింది. సంచి సర్దింది ఆ పూటే.

చివరికి సమ్మె ఆగింది. బడి తెరిచారు. టీచరమ్మ హోంవర్కుకు పదికి పది వేసింది. మర్నాడు పొద్దున వీధిలో ఆటో హారను వినపడగానే మురళీకృష్ణ సంచికి అడ్డంగా నిలబడ్డాడు.

"వెళ్దువుగాని. ముందు వనస్థలిపురం జింకల పార్కులో తేల్చుకుందాం. కణుజే పెద్దదైతే మీ అమ్మ కాళ్లు పట్టుకుంటాను."

"చిన్నగుంటే సంచి ఇప్పేస్త. మల్ల నోరెత్త."

పాప బడికి వెళ్లాక ఇద్దరూ ఆటో ఎక్కారు. చెరో అంచున కూర్చున్నారు. మధ్యలో సంచి.

పార్కులో కంచె దగ్గర ప్రవీణ మొహం వెలిగిపోయింది. మురళీకృష్ణ మొహం కూడా.

"ఏదీ, మీ కణుజు చూపించు!"

"ముందుగాల మీ కణితి ఏదో చూపియ్యి!"

ఇద్దరూ ఒకేసారి గర్వంగా చెయ్యెత్తి చూపించారు.

కంచె అవతల ఉన్నది ఒక్క జంతువే.