కుట్టుకూలి

"ఎనిమిది వందలా? నా దగ్గర కూడానా?"

సాయిప్రియ నవ్వబోయి ఆగిపోయింది. చేతిలోని జాకెట్టు మెడ చుట్టూ అద్దాలు తళతళమంటున్నాయి. తొమ్మిది రోజులు కూర్చుని సోని చేత్తో కుట్టిన పని అది.

"నీ దగ్గర కూడనే" అంది సోని. "పోయినేడు నలుగురు దోస్తులకు ఊకెనే కుట్టిన. దోస్తువని తొమ్మిది రోజులు నాలుగు రోజులైతయా?"

"కాలేజీలో నా టిఫిన్ బాక్సు తిన్నప్పుడు నేను బిల్లు వేశానా?"

"ఏసుంటే తినకపోదును."

సాయిప్రియ డబ్బు మంచం మీద పెట్టి స్కూటీ ఎక్కింది. రోజూ చెప్పే "వెళ్లొస్తా ఆంటీ" చెప్పలేదు.

సోని తల్లి చాంది స్కూటీ పోయిన దారి చూసి నెత్తి కొట్టుకుంది.

"ఎంత పని జేసినవే! మనం దున్నే మూడెకరాలు వాళ్ల నాయినవి. కౌలు కాయితం గూడ లేదు. రేపు ఎంకటరామారావు సారు పొలం ఖాళీ చెయ్యమంటే?"

"జాకెట్టుకు పొలం గుంజుకుంటరా యాడీ?" లంబాడీ మాటలో అమ్మను పిలుస్తూ అంది సోని.

"నీకేం ఎరుక? కోపమొస్తే ఏమన్న జేస్తరు."

రెండు రోజులు చాందికి ముద్ద దిగలేదు. ఫోన్ మోగితే సారే అనుకుంది. కుక్క మొరిగితే సారు మనిషే అనుకుంది.

మూడో రోజు సోని లైనింగు గుడ్డకని చండ్రుగొండ వెళ్లింది. అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. గంజి చీర కట్టుకున్న పెద్దావిడ దిగింది.

"సోని ఇల్లు ఇదేనా?"

"అవ్... మీరు?"

"భద్రాచలం నుంచి వస్తున్న. సాయిప్రియకు జాకెట్టు కుట్టింది నీ బిడ్డేనా?"

చాంది కొంగు నెత్తిన కప్పుకుని తలూపింది.

కూర్చోమనకుండానే ఆవిడ మంచం మీద కూర్చుంది. సోని సగం కుట్టిన జాకెట్టు తీసి ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూసింది. లోపలి కుట్లను వేలితో తడిమింది.

వంకలు వెతుకుతోంది అనుకుంది చాంది.

"సొంత దోస్తు దగ్గర ఎనిమిది వందలు తీస్కున్నదంట. నిజమేనా?"

"ఎవరన్నరమ్మా?"

"సాయిప్రియే. నా దగ్గర కూడ వసూలు చేసిందని ఒకటే మొత్తుకున్నది."

అయిపోయింది. మూడెకరాల పత్తి చాంది కళ్ల ముందు తిరిగింది. గబగబా లోపలికి వెళ్లి, బియ్యం డబ్బాలో దాచిన నోట్లు తెచ్చి ఆవిడ చేతిలో కుక్కింది.

"పిల్లది, తెల్వక అడిగింది. దోస్తుల దగ్గర పైసలు తీస్కోమమ్మా. ఇక ముందు గూడ తీస్కోదు. నా మీద ఒట్టు! ఇవి సాయిప్రియమ్మకే ఇయ్యండి."

"అయితే ఊకెనే కుడతదా?"

"ఊకెనే."

"అందరికా?"

"తెలిసినోళ్లందరికి."

"మీ ఊళ్లె తెల్వనోళ్లు ఎవరుంటరమ్మా?"

ఆవిడ జాకెట్టు మడతపెట్టి మెల్లగా మంచం మీద పెట్టింది.

"పనితనం మంచిగున్నది" అంది.

"ఛాయ్ తాగి పోండి."

"వద్దులే. దుమ్ముగూడెం దాకా పోవాలె."

గండం గడిచిందని చాంది ఆ పూట కడుపునిండా తిన్నది. సోనికి మాత్రం ఏమీ చెప్పలేదు.

నాలుగు రోజులకు సాయిప్రియే వచ్చింది. వస్తూనే ఎనిమిది వందలు సోని ఒళ్లో పడేసింది.

"ఏంటే, ఇచ్చిన డబ్బు తిరిగి పంపుతావా? ఆ రోజేదో కోపం వచ్చింది. ఇంటికెళ్తే మా అమ్మ నన్నే తిట్టింది, ఆ పనికి ఎనిమిది వందలు తక్కువంట!"

"నేనేడ పంపిన?" సోని తల్లి వైపు చూసింది.

చాంది సాయిప్రియ వైపు తిరిగింది. "మరి ఆ పెద్దమ్మ... మీ నాయిన పంపిన మనిషి కాదా?"

"మా నాన్నకి జాకెట్ల గొడవ ఎందుకు ఆంటీ? ఆవిడ భారతమ్మగారు. భద్రాచలంలో లేడీస్ టైలరు. ఆ జాకెట్టు ఆమెకు చూపించి, కూలి గొడవంతా చెప్పుకున్నా."

"మరి పైసల సంగతి అన్నిసార్లు ఎందుకడిగింది?"

సాయిప్రియ సోని ముఖం చూసి, తల దించుకుని, మెల్లగా అంది.

"ముందే చెబితే అందరూ కూలి తీసుకుంటామనే అంటారని, ఎందుకొచ్చిందో ఎక్కడా చెప్పలేదంట. నిన్న దుమ్ముగూడెంలో కుట్టే ఇంకో పిల్లకి తాళాలిచ్చేసింది. చూపు ఆనట్లేదని, తన నాలుగు మిషన్ల షాపు అప్పగించడానికి, స్నేహితురాలినైనా సరే కూలి అడగగల పిల్ల కోసమే ఆవిడ మీ ఇంటికొచ్చింది ఆంటీ."