అద్దె లేని గది

"బాడుగ వద్దు. కూలి అడగొద్దు. ఇల్లు చూసుకో, ఇంట్లో ఉండు," అన్నాడు పద్మనాభ సెట్టి.

మునిలక్ష్మమ్మ నమ్మలేకపోయింది. గూళూరు దిక్కు పల్లె ఆమెది. మొగుడు పోయాక మరుదులు ఇంట్లోంచి తరిమారు. కూలీనాలీ చేసుకుందామని చింతామణికి వస్తే వీధుల్లో మనిషే లేడు. ప్లేగు వచ్చి ఎలుకలు రాలాయని జనం ఇళ్ళకు తాళాలేసి, ఊరి బయట చేలల్లో గుడిసెలు వేసుకున్నారు. సెట్టి కుటుంబం ఒక మామిడితోపులో తడికలు కట్టుకుని ఉంటోంది.

"మీ ఇంట్లో ఎలకలు పడలేదా అప్పా?"

"పడుంటే నిన్ను పొమ్మంటానా? మా వీధిలో దొంగల భయం, అంతే. లోపలి గదిలోనే పండుకో. కన్నం వేసేవాడు ఆ గోడకే వేస్తాడు."

నిజానికి ఎలుకలు పడింది ఆ గదిలోనే, ధాన్యం గాదె కింద. సెట్టి వాటిని ఇంట్లోవాళ్ళకు కూడా తెలియకుండా ఎత్తి, పెరట్లో తగలబెట్టాడు.

సెట్టి దేన్నీ ఊరికే ఇచ్చే మనిషి కాదు. చెయ్యి చాచి ఇచ్చాడంటే రెండో చేతికి ఏదో రావాలి. కూతురు కన్యకమ్మ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండుతున్నాయి. మబ్బులు దిగుతున్నాయి. కారే తడికల కింద పురుడు పోస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. ఇంటికి పోవాలి. పోయేముందు ఇంట్లో జబ్బు ఉందో పోయిందో తేలాలి. పల్లెల్లో కొందరు ఖాళీ ఇంట్లో కోడిని కట్టేసి, అది బతికితే తిరిగి కాపురం పెట్టేవారు. కోమటి ఇంట్లో కోడిని కట్టలేరు. మనిషిని పెట్టడానికి ఏ అడ్డమూ లేదు.

ఈ లెక్క ఆయన ఎవరికీ చెప్పలేదు, పెళ్ళానికి కూడా. మనసులో ధర ముందే బయటపెట్టినవాడు బేరంలో గెలవడు.

పెళ్ళాం రుక్మిణమ్మ ముఖం ముడుచుకుంది. "ఎవురో ఏమో. దాన్ని ఇంట్లో పెడతారా?"

"పురుడు పోసే ఇల్లు. దీపం లేకుండా ఉండకూడదు."

"దీపానికి బొట్టు లేని మనిషే దొరికిందా మీకు?"

"అయితే నువ్వు పోయి పండుకో."

రుక్మిణమ్మ మునిలక్ష్మమ్మను పక్కకు పిలిచి, ఒళ్ళో ఇంత రాగిపిండి పోసి, చేయవలసిన పనులు చెప్పి పంపింది.

తోపులో అందరూ సెట్టిని మెచ్చుకున్నారు. "సత్రంలో కూడా నాలుగు దినాలైతే లేచి పొమ్మంటారు. నువ్వు మిద్దిల్లే ఇస్తివి కదా సెట్టీ."

"పైన దేవుడు చూస్తా ఉండాడు కదప్పా," అన్నాడు సెట్టి.

తెల్లారగానే ఆయన వీధి మలుపు దాకా పోయేవాడు. గుమ్మం ఎక్కేవాడు కాదు. ఇంటి వెనక పొయ్యి పొగ లేస్తోందా అని చూసేవాడు. లేస్తే కేకేసేవాడు.

"ఒళ్ళు బాగుండాదామ్మా?"

ఆమె చీపురు పట్టుకుని అరుగు మీదికి వచ్చేది. "బాగుండానప్పా."

"నిద్ర పడతాందా?"

"దోమలు కుడతాండాయి, అంతే."

"జొరం గిరం?"

"నాకేం జొరమప్పా. మీ నీడన సల్లంగుండాను."

ఒకరోజు ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కన్నవాళ్ళు కూడా తనను రోజూ ఇట్లా పలకరించలేదంది. సెట్టి ఆమె నడక చూస్తున్నాడు. గజ్జల్లో గడ్డ లేచిన మనిషి కాళ్ళు ఎడంగా వేస్తుంది. ఆమె బాగానే నడుస్తోంది.

పున్నమి పోయింది. అమావాస్యా పోయింది. మునిలక్ష్మమ్మ కాస్త ఒళ్ళు కూడా చేసింది. తూకం తేలిపోయిందనుకున్నాడు సెట్టి.

రుక్మిణమ్మ ముందుగా పోయి ఇల్లంతా కడిగించి, అలికించింది. మంచి గడియ చూసి కన్యకమ్మను బండిలో తెచ్చారు. లోపలి గదికి ఈదురుగాలి తగలదు. ఆ ఇంట్లో పురుళ్ళన్నీ అక్కడే జరిగాయి. మంచం అక్కడే వేశారు.

ఆ పూటే మునిలక్ష్మమ్మను పొమ్మన్నారు.

"వానలు పోయేదాకా యాడో ఒక మూల పడుంటానప్పా," అని అడిగింది.

"పని అయిపాయె కదమ్మా," అన్నాడు సెట్టి.

వాన పట్టుకుంది. వానతోపాటే కన్యకమ్మకు జ్వరం వచ్చింది. మొదట అలసట అనుకున్నారు. తర్వాత మతి తప్పి మాట్లాడింది. కడుపు చూద్దామని వచ్చిన మంత్రసాని గజ్జల్లో గడ్డ చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

రుక్మిణమ్మ గోడకు తల బాదుకుంది. సెట్టి ఒక్కడే నిబ్బరంగా ఉన్నాడు. తన లెక్క ఎన్నడూ తప్పలేదు. దాన్ని మొదటిసారి పెళ్ళాం ముందు విప్పాడు.

"ఏడవొద్దు. ఇది ప్లేగు కాదు. ఆ గూళూరుదాన్ని ఈ గదిలో ఎందుకు పెట్టినాననుకున్నావు? ఇన్నాళ్ళూ ఈ నేల మీదే పండుకునింది. దానికి తుమ్మన్నా రాలేదు."

రుక్మిణమ్మ ఏడుపు ఆగిపోయింది. మొగుడి ముఖంలోకి చూసింది.

"నా బిడ్డ పురిటి గదిలో ముండమోసినదాన్ని నేనెట్ల పండుకోనిస్తాను, మొదటి దినమే గడప లోపలికి కాలు పెట్టొద్దని చెప్పి, దాన్ని పశువుల కొట్టంలో పండుకోమంటిని గదా."