అరచేతి కొలత

మా ఆవిడకు థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టి, రోజూ పొద్దున్నే ఒంటి వేడి కొలిచి రాయమంది డాక్టరమ్మ. నలభై ఏళ్ళు కొలిమి వేడిని అరచేత్తో చెప్పినవాణ్ణి, నాకు థర్మామీటరు ఎందుకు? నుదుటిమీద చెయ్యి వేసి, అంకె రాసేవాణ్ణి. రోజూ తొంభై ఎనిమిదే.

మూడు నెలల్లో ఆవిడ మరీ మందగించింది. డాక్టరమ్మ కొలిస్తే తొంభై అయిదు.

"మీ అంకెలు చూసే నేను మాత్ర పెంచలేదు పెద్దాయనా. దేంతో కొలిచారు?"

"దీంతో." చెయ్యి చాపాను.

నన్ను అటు చూడమంది. "సూది గుచ్చాను. తెలిసిందా?"

"గుచ్చందే ఎలా తెలుస్తుంది?"

మా ఆవిడ తల దించుకుంది.

"ఆ చేతికి చలీ వేడీ తెలియక పదేళ్ళయింది డాక్టరమ్మా. చెబితే ఈయన నన్ను ముట్టుకోవడం మానేస్తారని ఊరుకున్నాను."