బోణీ పొగ

"కొనే ఉద్దేశం లేనిదానివి ముట్టుకోవడం దేనికమ్మా? ఇది కొట్టా, కాలక్షేపానికి వచ్చే పార్కా?"

తామ్ అరుపుకి, పట్టు లాంతర్లు తిప్పి తిప్పి చూస్తున్న హనోయి ఆవిడ ఉలిక్కిపడింది.

"ధర అడిగానంతే కదా!"

"అడిగి ఊరుకున్నావా? ఎర్రది దింపించావ్, పసుపుది దింపించావ్, తామరమొగ్గది విప్పించావ్. తీరా ఇప్పుడు మళ్ళీ వస్తానంటావా? నాకింకా బోణీ కూడా కాలేదు!"

"కాకపోతే నన్నేం చేయమంటావ్?"

ఆవిడ మూతి తిప్పుకుని సందు దాటి, ఎదురుగా ఉన్న లువా కొట్లోకి వెళ్ళింది. అక్కడ బేరమైనా ఆడకుండా రెండు లాంతర్లు కొనేసింది.

తామ్‌కి ఒళ్ళు మండిపోయింది. పాత పేపరు చుట్టి నిప్పంటించి, ఆవిడ నిలబడ్డ చోటంతా తిప్పింది. బోణీ చెడితే హోయి ఆన్ ఊళ్ళో ఏ కొట్టువాళ్ళయినా చేసే పనే అది. కాకపోతే తామ్ నోరు కూడా కలిపింది.

"పో, దరిద్రం! పో! మళ్ళీ ఈ గడప తొక్కావంటే కాళ్ళు విరుగుతాయ్!"

ఎదురు కొట్లోంచి లువా కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకి తామ్ ఇంకా రగిలిపోయింది. కొన్నాళ్ళుగా ఇదే తంతు. పొద్దున్నే ఎవరో ఒకరు రావడం, అన్నీ కెలకడం, చేతులు దులుపుకుని పోవడం. ఇలాగే సాగితే కొట్టు ఖాళీ చేసి పోవాల్సిందే. అప్పుడు ఆ లువా ఎంత నవ్వుతుందో!

అంతలో కావడి దించి మూయ్ వచ్చింది. అల్లం పాకం పోసిన మెత్తటి టోఫు అమ్ముతూ సందులన్నీ తిరిగే మనిషి.

"పొద్దున్నే ఏంటక్కా ఈ పొగ?"

"నా ఒక్కదాని కొట్లోనేనా? ఈ సందులో రోజూ ఇంతే. నేనలా వస్తుంటానా, వెనక్కి తిరిగి చూస్తే టోపీల కొట్టు ముందు పొగ, చెక్కబొమ్మల కొట్టు ముందు పొగ. ఆ లువా కూడా కాలుస్తుంది. అయినా దాని కొట్టే ఎందుకు నడుస్తోందో! నాకంటే తక్కువకేం ఇవ్వదు. పొద్దున అడిగొచ్చాగా."

మూయ్ గిన్నెలో టోఫు వేస్తూ తల వంచుకుంది.

"ఇది మామూలు దరిద్రం కాదే మూయ్. ఏదో పాడు పాదం ఈ సందులో తిరుగుతోంది. నువ్వు అన్ని కొట్లకీ వెళ్తావ్. ఎవరది?"

"నాకెందుకులే అక్కా."

"చెప్తావా, నీ కావడి తన్నమంటావా?"

"ఒకావిడ ఉందిలే. కొట్లు తెరవగానే వస్తుంది. సరుకంతా పిసికి చూస్తుంది, ధరలన్నీ అడుగుతుంది, ఏమీ కొనకుండా పోతుంది. ఆవిడ అడుగు బయటపెట్టగానే అందరూ కాగితాలు కాలుస్తారు."

"సిగ్గులేని ముండ! ఒక్కరైనా చీపురు తిరగేయరేం?"

"ఆవిడ నోటికి భయపడి ఎవరూ ఎదురు చెప్పరక్కా."

తామ్ కళ్ళు మెరిశాయి. ఎదురు కొట్టు వైపు చూసి పళ్ళు నూరింది.

"అయితే మన పని అయినట్టే. నీకు పుణ్యముంటుంది, రేపు పొద్దున ఎవ్వరూ రాకముందే ఆ పాడు పాదాన్ని లువా కొట్లోకి పంపవే. దాని పీడ ఎలా ఉంటుందో అదీ చూస్తుంది!"

మూయ్ కావడి భుజానికెత్తుకుని, రెండడుగులు దూరం జరిగాకే నోరు విప్పింది.

"నేను పంపేదేముందక్కా, రోజూ నువ్వు వెళ్తూనే ఉన్నావుగా!"