అమ్మ లాలి

పెళ్లి వీడియోలు కూర్చే వకుళ ఆ రోజు సొంత మనవరాలి బారసాల వీడియో ముందేసుకుంది. తను లాలి పాడే చోటు రాగానే తెర మూగబోయింది. పాటల హక్కులు చూసే లైబ్రరీ అనుమతి లేనిదేదీ ఇప్పుడు ఏ ఇంటి తెర మీదా పలకదు.

“అమ్మ లాలేగదే అది! దానికి ఒకరి అనుమతేమిటే?” అంది పక్కనున్న అక్క రాజ్యం.

“అమ్మ పాడుతుంటే రికార్డు చేసి లైబ్రరీకి నేనే ఇచ్చానక్కా. సబ్బు కంపెనీవాళ్లు ప్రకటనకి తీసుకున్నారు. ఆ పాట ఇంకెవరూ పాడకూడదట, వాడకూడదట.”

వకుళ లైబ్రరీ జాబితాలో ‘లాలి, ముసలి గొంతు’ అని వెతికి, మొదట వచ్చినదాన్ని అతికించింది. తెర మీద ఉయ్యాల ఊగింది. తన పెదవుల కదలికకు ఎవరింటి అమ్మో పాడింది.

“పెదాలు బాగానే కలిశాయక్కా,” అంది వకుళ.