మేనత్త మెచ్చుకుంటే

"ఓడ వచ్చేసింది. మేనత్త దిగేసింది," అంటూ మనాసే రేవు నుంచి ఒక్క పరుగున ఇంట్లోకి వచ్చి పడ్డాడు.

లూపే కుట్టుమిషన్ ముందు నుంచి లేచి, నడుము మీద చేతులు పెట్టుకుని మొగుడికి ఎదురు నిలబడింది.

"చెప్తున్నా, విను. ఆవిడ ఈ మిషన్ బాగుందని అందనుకో, నువ్వు ఇచ్చేశావనుకో, నేనూ అదే ఓడెక్కి పుట్టింటికి పోతాను. ఆదివారం చర్చిలో పాడేవాళ్ళకి పన్నెండు గౌన్లు కుట్టాలి. పళ్ళతో కుట్టమంటావా?"

"బాగుందంటే ఇవ్వక ఏం చెయ్యను? నాన్నకి అక్క."

అదీ నిజమే. నెయాఫు ఊళ్ళో ఎవరినైనా అడగండి. తండ్రి తోబుట్టువు గడప తొక్కి ఏదైనా బాగుందని మెచ్చుకుందంటే, మేనల్లుడు దాన్ని ఆవిడ చేతిలో పెట్టాల్సిందే. అదీ నవ్వుతూ పెట్టాలి. కలీసి మేనత్తకేమో మెచ్చుకోవడం మహా ఇష్టం. కిందటిసారి వచ్చినప్పుడు ఫ్యాన్ బాగుంది, రేడియో బాగుంది, పెరట్లో తన మానాన తాను తవ్వుకుంటున్న పంది కూడా బాగుంది.

"కనపడితే కదా మెచ్చుకునేది," అంది లూపే. "పద, ఇల్లంతా ఊడ్చి లోసా ఇంట్లో పడేద్దాం."

పక్కింటి లోసా కంచె అవతల సిద్ధంగా నిలబడింది. చాపలు, కుర్చీలు, మంచం, అద్దం, గిన్నెలు ఒకదాని వెనక ఒకటి కంచె దాటాయి. మేనత్త సంతలో పదిమందిని పలకరించనిదే గుట్ట ఎక్కదు కాబట్టి సరిపోయింది.

"ఒరేయ్ మనాసే, మీ మేనత్త నన్ను చూసి 'ఈ లోసా బాగుంది' అంటే నన్ను కూడా ఇచ్చేస్తావా ఏంటి?" అంది లోసా, నెత్తిన పరుపుతో.

"నిన్ను బాగుందనేవాళ్ళు ఇంకా పుట్టలేదులే వదినా. నడువు."

నవ్వలేక ముగ్గురికీ కడుపు నొప్పి పుట్టింది. చివరికి మిషన్ ఒక్కటే మిగిలింది. పాతకాలపు ఇనప మిషన్. ముగ్గురూ కలిసి ఎత్తినా జానెడు కదల్లేదు. అసలు లోపలికి ఎలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

"ఒరేయ్ నాయనా మనాసే," అని వీధిలోంచి గొంతు వినబడింది.

లోసా కంచె మీంచి అటు దూకింది. లూపే మిషన్ మీద దుప్పటి కప్పి, ఎగిరి దానిమీద కూర్చుంది.

కలీసి మేనత్త రొప్పుతూ లోపలికి వచ్చింది. నాలుగు గోడల వంకా చూసింది, మేనల్లుడిని చూసింది, మూట మీద కూర్చున్న కోడలిని చూసింది.

"ఏమ్మాయ్, పెద్దదాన్ని వస్తే లేవవేం?"

"కాలు బెణికింది అత్తయ్యా."

"అంత ఎత్తున కూర్చుంటే తగ్గుతుందా?"

"డాక్టరు ఎత్తులో పెట్టమన్నాడు."

"కాలునా, నిన్నా?"

లూపేకి నవ్వు ముంచుకొచ్చి కాలు జారింది. కింద మిషన్ కిర్రుమంది.

"ఎలక," అన్నాడు మనాసే.

"ఎలకలు మిగిలాయన్నమాట. సామానంతా ఏమైందిరా?"

"అది... చర్చికి ఇచ్చేశాం అత్తా. లేనివాళ్ళకి పంచుతారని."

మేనత్త చతికిలబడి, టోపీ తీసి విసురుకుంది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. "మంచి పని చేశావు నాయనా. మీ నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో. నా ఇల్లు చూడు, కాలు పెట్టే చోటుందా? ఇటు తిరిగితే రేడియో, అటు తిరిగితే ఫ్యాన్, కాళ్ళ కింద పంది. నా ఇంట్లో నేనే ఒంటికాలి మీద నిలబడుతున్నాను."

మనాసేకి కాస్త సిగ్గేసింది. మేనత్త మెల్లగా లేచి నాలుగు మూలలూ తిరిగింది. నేరుగా లూపే దగ్గరకు వచ్చింది. దుప్పటి మీద చెయ్యి వేసింది. లూపే కళ్ళు గట్టిగా మూసుకుంది, పన్నెండు గౌన్లూ కళ్ళముందు ఓడెక్కి వెళ్ళిపోతున్నాయి.

మేనత్త ఆ చెయ్యి ఆనించుకుని వెనకున్న కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. కాసేపు గాలి పీల్చుకుని, దుప్పటి సంగతి అడగనైనా అడగకుండా గుమ్మం వైపు నడిచింది.

లూపే ప్రాణం లేచి వచ్చింది. మనాసే ఆవిడ వెనకాల రెండు చేతులూ పైకెత్తి చిన్న గంతు వేశాడు. కంచె అవతల లోసా నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

గుమ్మం దగ్గర మేనత్త ఆగింది. వెనక్కి తిరిగి, పైకప్పు నుంచి నేల దాకా తీరిగ్గా ఒకసారి చూసింది.

"ఒరేయ్ మనాసే," అంది. "ఇల్లు ఎంత బాగుందిరా."