పై రేకులు

తడి తువ్వాలులో చుట్టిన బొకేను ఒక పెద్దావిడ బల్లమీద పెట్టగానే నీళ్లు కారి, ఆరబెట్టుకున్న కాగితాలన్నీ తడిశాయి.

“అయ్యో! ఎవరండీ దీన్ని తడిపింది?” పెళ్లి పూలను నొక్కి ఎండబెట్టి ఫ్రేములు కట్టే ఫ్రేములావిడ ఒక్క ఉదుటున లేచింది.

“నేనేనమ్మా. వాడిపోతాయేమోనని దారి పొడవునా చల్లుకుంటూ వచ్చా,” అంది పెద్దావిడ, ఏదో ఘనకార్యం చేసినట్టు.

“తడి పూలు నొక్కితే బూజు పడతాయి. ఇవేమన్నా ఆకుకూరలా, నీళ్లు చల్లి పెట్టడానికి!”

బయట ముసురు. మొన్ననే ఒకరి పూలు బూజు పట్టాయి. ఆ అమ్మాయి ఈ బల్ల ముందే నిలబడి ఏడ్చి వెళ్లింది. అప్పట్నుంచీ ఫ్రేములావిడకు కాలు ఒకచోట నిలవడం లేదు.

ఫ్యాను వేసింది. కిటికీ మూసింది. మళ్లీ తెరిచింది.

“పెళ్లికూతురు తనే తెస్తానందే ఫోన్లో?”

“పొద్దున్నే కొత్త కాపురానికి వెళ్లిపోయిందమ్మా. నేను తెస్తానన్నా.”

“తనకి మీరేమవుతారు?”

పెద్దావిడ తడి తువ్వాలును మడతపెట్టుకుంది.

“ఏమీ కాను.”

తెల్ల గులాబీని అలాగే నొక్కితే నల్లబడుతుంది. రేకు రేకూ విడదీసి, కాగితాల మధ్య పరిచి, చెక్కల నడుమ మరలు బిగించాలి. ఎండాక మళ్లీ పువ్వులా పేర్చాలి. ఫ్రేములావిడ కమిలిన పై రేకులు తుంచి బుట్టలో పడేస్తోంది.

పెద్దావిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఆ పారేసిన రేకు ఒకటి తీసుకోనామ్మా?”

“కుదరదండీ. ఎవరి పూలు వాళ్లకే. చెత్తయినా సరే, వాళ్లనడక్కుండా ఇంకొకరికివ్వను.”

“ఒక్కటంటే ఒక్కటే. ఇంట్లో ఒకరికి చూపించాలి.”

“ఫ్రేమయ్యాక వాళ్లని పెళ్లికూతురింటికి తీసుకెళ్లి చూపించండి.”

“అప్పటికి నేనిక్కడ ఉండనుగా. రేపు పొద్దున బండికి మా...”

“పెద్దమ్మగారూ, మీ ప్రయాణం కబుర్లు తర్వాత! మీరిలా పక్కన కూర్చుంటే నాకు చేతులాడవు.”

పెద్దావిడ లేచింది. బుట్ట వైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని వానలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆ బుట్ట వీధి చివర చెత్తలో ఖాళీ అయింది.

పూలు మాత్రం చెడలేదు.

ఫ్రేము తయారైందని కబురు వెళ్లగానే పెళ్లికూతురు వచ్చింది. చూసి మురిసిపోతుందనుకుంటే, ఫ్రేము వంకైనా చూడలేదు.

“ఇవి తెచ్చినావిడ ఎక్కడికి వెళ్తున్నానని ఏమైనా చెప్పిందాండీ?”

“లేదే. ఏమైంది?”

“ఇల్లు ఖాళీ చేసేసింది. గోడమీది ఫొటో కూడా తీసుకుపోయింది. ఫోను తియ్యట్లేదు. మాతోనే ఉండమని మేమిద్దరం కాళ్లావేళ్లా పడ్డాం. ‘కొత్త కాపురంలో పాత మనిషెందుకే’ అంటుంది. గుర్తు తెచ్చుకోండి, ఏ ఊరి పేరైనా అందా?”

ఫ్రేము అద్దం తుడుస్తున్న ఫ్రేములావిడ గుడ్డ పక్కకు తీసింది.

“రేపు పొద్దున బండికి అంది... ఇంకా ఏదో చెప్పబోయింది. నేనే చెప్పనివ్వలేదమ్మా.”

పెళ్లికూతురు స్టూలు మీద కూలబడింది.

ఫ్రేములావిడ చేతిలోని గుడ్డను మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

“నీకేమీ కానంది... ఎవరమ్మా ఆవిడ?”

“తన కొడుకు పోయాక, నేను వద్దు మొర్రో అంటున్నా వినకుండా, సంబంధం తనే వెతికి నాకీ పెళ్లి చేసిన మా మొదటి అత్తయ్య.”